చేబదులు

టొలీడోలో శనివారం పొద్దున
పోయినవాళ్ళ ఇళ్ళు బార్లా తెరుస్తారు.
వంటింట్లో చెంచాలు, మేడ మీద కోట్లు,
గ్యారేజీలో మంచు తోసే పారలు,
అన్నిటి మీదా ధర చీటీలు.
నేను ఆగను. తిన్నగా నేలమాళిగలోకి దిగుతాను.
రికార్డులెప్పుడూ బాయిలర్ పక్కనే ఉంటాయి,
ఎక్కడైతే వంకర్లు పోతాయో వెతికి మరీ అక్కడ పెట్టినట్టు.

పాల క్రేట్లు మూడు. గచ్చు మీద మోకాళ్ళు.
క్రిస్మస్ పాటలు, పక్కకి. పోల్కాలు, పక్కకి.
మళ్ళీ క్రిస్మస్.
అటువైపు డెల్మార్ ప్రూయిట్, రిటైరైన పోస్ట్‌మాన్,
గనిలో దిగేవాడిలా నుదుటికి లైటు కట్టుకుని
చిరునామా చెరిగిన ఉత్తరాల్లా ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాడు.
పదకొండేళ్ళ పోటీ మాది. పలకరింపులుండవు.
ఏదైనా దొరికితే మాత్రం దగ్గుతాం.

నేను దగ్గాను.

ఏడంగుళాలు. వంకాయ రంగు లేబుల్.
లవీనియా స్ట్రౌడ్, అరవై అయిదో సంవత్సరం.
పద్నాలుగు రికార్డులేసి చేతులెత్తేసిన కంపెనీ.
దీనికోసం ఇంగ్లండులో ఒకాయన కారు అమ్ముతానన్నాడని వినికిడి.
కాగితం తొడుగు మీద డోర్ స్ట్రీట్ దుకాణం ముద్ర.
ఆ దుకాణాలు ఇప్పుడు లేవు,
రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంది.
లేబుల్ మీద నీలం బాల్‌పెన్నుతో, నొక్కి నొక్కి:
"ఎర్నెస్టీన్‌ది. సోమవారానికల్లా ఇచ్చెయ్."

డబ్బులు తీసుకుంటున్న అమ్మాయి
పోయినాయనకి మేనకోడలి కూతురట.
"మావాళ్ళలో ఆ పేరు ఎవరికీ లేదే" అని
నా డాలరు బిస్కెట్ల డబ్బాలో వేసుకుంది.

పగలంతా పళ్ళ పుచ్చులు పూడ్చేదాన్ని,
రాత్రి గాడులు తోముతాను.
మేకవెంట్రుకల కుంచె, డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క సబ్బు.
దీపం కింద వాల్చి చూస్తే
లేబుల్ అంచున, సూదికి పనిలేని నున్నటి చోట
కోసినవాడెవరో గోకిన రెండక్షరాలు, ఒక చిన్న చేప.
చేప ఎందుకో అడగడానికి ఎవరూ లేరు.

సూది దించాను.
ఆ చిటపటని అందరూ పోపు చప్పుడంటారు.
నాకైతే, ఎవరో మాట్లాడబోయే ముందు
గది సర్దుకుంటున్నట్టు ఉంటుంది.
తర్వాత డ్రమ్ములు, తల తగిలేంత కిందికున్న కప్పు కింద.
సాక్సఫోను అరక్షణం ఆలస్యం.
ఇంకోసారి వాయించడానికి డబ్బుల్లేక వదిలేసుంటారు,
వదిలేశారు గనకే అది నడక, కవాతు కాదు.
ఆ పైన లవీనియా.
చర్చిలో సాధన చేసిన గొంతుతో
దేవుణ్ణి కాదు, ఒక బస్సు డ్రైవర్ని బతిమాలుతోంది,
తన స్టాపు వచ్చినా ఆపొద్దని.

రికార్డంతా నిగనిగ నలుపు,
రెండో చరణం దగ్గర మాత్రం
గోరంత పట్టీ అరిగి బూడిదైంది.
ఎవరో అక్కడే సూది ఎత్తి, వెనక్కి పెట్టి,
ఎత్తి, వెనక్కి పెట్టి.
అంతగా ఏముందక్కడ? పదిసార్లు విన్నాను.
మాట కాదు.
మాటకి ముందు ఆమె పీల్చిన ఊపిరి.

అరిగించింది ఎర్నెస్టీనా, తిరిగివ్వని మనిషా?
వచ్చేముందు మేడెక్కి ఆయన కోట్లు చూశాను.
పొడుగాటి మనిషి. జేబులన్నీ ఖాళీ,
ఒకదాంట్లో తప్ప, అందులో పెప్పర్‌మింటు బిళ్ళ.
దొంగ అనిపించలేదు.
రేపిద్దాంలే, రేపిద్దాంలే అనుకునే రకం.
ఈలోగా వీధికి వీధే పోతే
ఎవరి తలుపు కొడతాడు?

నాకో నోటుపుస్తకం ఉంది. తేదీ, ఊరు, ధర.
ఇప్పటికి రెండువేల ఆరువందల వరసలు.
ఈసారి ధర గడిలో ఒక డాలరు అని రాసి, కొట్టేసి
చేబదులు అని రాశాను.
పత్రం ఉండదు, వడ్డీ ఉండదు,
దానికున్నదల్లా ఒక్క మాట.

ఇవాళ ఆదివారం.
ఇంకోసారి పెట్టుకుంటాను.