తలుపు అర

మజ్జిగ గిన్నెకీ చింతకాయ పచ్చడికీ మధ్య
ఫ్రిజ్ తలుపు అరలో నీ మందులు.
గడ్డ కట్టకూడదు, వేడెక్కకూడదు
అంది నర్సు, తమిళం కలిసిన తెలుగులో, వేలు చూపించి.
ఆ పది రోజులూ ఫ్రిజ్ తెరిస్తే చాలు
ఇద్దరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

అంబత్తూరులో పగలంతా లేత్ మీద
మిల్లీమీటరులో నూరో వంతు కొలిచేవాణ్ణి.
ఇనుము ఎంత లోతు తెగాలో నా చేతికి తెలుసు.
రాత్రి తొమ్మిదికి నీ బొడ్డుకు రెండు వేళ్ళ ఎడంగా
చర్మం ఒడిసి పట్టుకుంటే
అదే చెయ్యి ఒణికింది.
"పొడువయ్యా, పప్పు మాడిపోతా ఉంది" అన్నావు.

ఎడం పక్క ఒకరోజు, కుడి పక్క ఒకరోజు.
నాలుగో నాటికి నేరేడు పండు నలిగినట్టు మచ్చలు.
కడుపు ఉబ్బి, చుడీదారు బొందు వదులు చేసుకుని
"ఏమీ లేకుండానే మూడో నెల" అని నవ్వి
ఆ నవ్వు మధ్యలో లేచిపోయి
బాత్రూములో కొళాయి తిప్పావు.
ఆ రోజు నీళ్ళ లారీ రాలేదని
మనిద్దరికీ తెలుసు.

ఆసుపత్రిలో నాకు పేరు లేదు.
"చెంచులక్ష్మి హస్బెండ్!" అంటే లేచి నిలబడతాను.
నా వంతు పని: గొళ్ళెం సరిగా పడని ఒక గది,
ఒక ప్లాస్టిక్ డబ్బా,
తలుపుకి అవతల ఎవరి మామగారో దగ్గుతూ.
దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఆఖరి సూది రాత్రి పది నలభై అయిదుకి.
పది నలభై కాదు, యాభై కాదు.
నీళ్ళు లేని ఊళ్ళో వారం తిరక్కుండా వాన,
మధ్యాహ్నం నుంచీ కరెంటు లేదు.
కింద వాటాలో చేపలమ్మే సెల్వి అక్క
తువ్వాల్లో ఐసు గడ్డ చుట్టుకుని మెట్లెక్కి వచ్చింది.
ఎందుకని అడగలేదు. ఎవరు చెప్పారో తెలీదు.
మందు పెట్టె నిండా వంజరం వాసన.
సెల్‌ఫోను పళ్ళ మధ్య కరుచుకుని, ఆ వెలుగులో
సరిగ్గా ఆ నిమిషానికి పొడిచాను.

తరవాత అంతా అంకెలే.
పద్నాలుగు తీశామన్నారు.
పదకొండు పనికొస్తాయన్నారు.
ఎనిమిది కలిశాయి.
అయిదో రోజు ఫోను: మూడు.
ఫ్యాక్టరీలో అయితే రిజెక్టు పెట్టెలో చెయ్యి పెట్టి
ఏది ఎందుకు పోయిందో చెప్పగలను.
"ఇది మామూలే, ఎవరి తప్పూ కాదు" అంది డాక్టరమ్మ.
మంచి మాటే.
తిట్టుకోవడానికి ఎవరూ లేని రాత్రి మాత్రం పొడుగ్గా ఉంటుంది.

మొదటి రోజే చెప్పింది ఆమె, కాగితం మీద గీతలు గీసి,
మీ వయసుకి పది మందిలో నలుగురు, అంతే అని.
తల ఊపాం. ఊపుతూనే
ఆ నలుగురిలో సీటు వేసుకుని కూర్చున్నాం.

లీటరు నీళ్ళు తాగి బిగబట్టుకుని పడుకున్నావు.
బూడిద రంగు తెర మీద తెల్లగా ఒక మినుకు.
"అదేనా?" అన్నాను.
"అది గాలి బుడగ. దాని పక్కన, కనపడనిది."

పద్నాలుగు రోజులు.
నువ్వు బాత్రూములోంచి వచ్చినప్పుడల్లా
నా కళ్ళు నీ మొహం మీదికి.
"అట్టా చూడబాక" అన్నావు. చూశాను.
పన్నెండో రోజు నువ్వే నన్ను చూడలేదు.

ఇంకా రెండు ఉన్నాయి,
మన ఫ్రిజ్ కంటే ఎంతో చల్లని చోట.
ఫైలు మూసేముందు నువ్వు అడిగింది ఒక్కటే:
"వాన పడి కరెంటు పోతే?"
అక్కడ కరెంటుతో పని లేదంటూ నర్సు నవ్వింది.
నువ్వు నవ్వలేదు, రాసుకోమన్నట్టు నా వైపు చూశావు.

తలుపు అర ఖాళీ.
పొద్దున నిమ్మకాయలు సర్దావు అందులో.
సాయంత్రానికి తీసేశావు.