దాలయ్య బిగించిన చెయ్యి

కోటవీధి మేడ మీద నా స్టూడియో.
కిటికీ తెరిస్తే రేవు, మూసినా ఉప్పే.
ఈ గాలికి ఇనుము కూడా మనిషిలాగే
ముందు కీళ్ళ దగ్గర పడుతుంది.

కొన్నప్పుడు ఆ లైటు స్టాండు నల్లగా నిగనిగలాడింది.
పది కిలోలు మోస్తానని డబ్బా మీద రాసుకుంది.
మూడో వానాకాలానికి కాలరు మీద బొబ్బలు లేచాయి.
పిడి తిప్పితే తిరుగుతూనే ఉండేది,
ఎక్కడా పట్టుకున్నట్టు ఉండేది కాదు.
ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి
ఈ ముహూర్తాలు గడిస్తే చాలనుకున్నాను.

ఆ శుక్రవారం బారసాల ఫోటోలు.
ఇరవై ఒక్క రోజుల పిల్ల,
పెదవి మీద ఇంకా పాలచుక్క.
సాఫ్ట్‌బాక్సు పైనుంచి మెల్లగా తల వాల్చింది,
కునుకుపట్టిన ముసలమ్మలా, చప్పుడు లేకుండా.
దిండుకి జానెడు దూరంలో బల్బు పగిలింది.
పిల్ల ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంది.
తల్లి మాత్రం నన్నే చూసింది.
అడ్వాన్సు తిరిగిచ్చేశాను.
వద్దనలేదు వాళ్ళు.

కంచరపాలెంలో రైలుకట్ట పక్కన దాలయ్య లేతు.
షిప్‌యార్డులో ముప్పైరెండేళ్ళు ఫిట్టరు,
ఎడమచేతికి నాలుగే వేళ్ళు.
విరిగిన ముక్కని గోటితో గీరాడు, వాసన చూశాడు.
"ఇది ఇనుమా ఏటి? కరిగించి పోసిన తుక్కు.
ఇరిగిన కాడ సూడమ్మా, పంచదార పలుకులాగ లేదూ?"

ఎంత వేలాడుద్దన్నాడు.
రెండు కిలోలే అన్నాను.
"బరువెవుడడిగాడు? చెయ్యెంత సాపుద్దో సెప్పు."
సుద్దముక్కతో నేల మీద అయిదడుగుల గీత గీశాడు.
ఆ కొసన రెండు కిలోలు
ఈ మర దగ్గరికొచ్చేసరికి ఇరవైకి తక్కువ కాదట.
ఇన్నేళ్ళూ వెలుతురు లెక్కే కట్టాను నేను,
దాన్ని మోసేదాని లెక్క కట్టలేదు.

షాఫ్టు స్టెయిన్‌లెస్సు, కాలరు గన్‌మెటలు.
"రెండూ ఒకటే జాతయితే ఒకదాన్నొకటి కరుసుకుంటాయి."
మర లావుపాటిది, "సన్న మర సోకుకి."
దానికి అడ్డంగా ఒక పిన్ను,
మర మాట తప్పినా ఇది తప్పదని.
నల్లరంగు వెయ్యమన్నాను. వెయ్యలేదు.
"రంగేస్తే రేపు పగులు నీకు కనబడదు."
కాలి దగ్గర సంచిలోకి బీచి ఇసుక తెస్తానంటే
కోప్పడ్డాడు:
"అది సంచిలో కూడా సెమరుస్తాదమ్మా, ఏటి ఇసుక పొయ్యి."

ముందు పనిముట్ల పెట్టె తగిలించాడు.
చాలలేదు కాబోలు,
చెప్పులు విడిచి తానే వేలాడాడు,
అరవై ఏడేళ్ళ మనిషి
నా లైటు ఉండాల్సిన చోట,
పాతగడియారం లోలకంలా అటూ ఇటూ.
గూడ్సు ఒకటి పోతోంది, షెడ్డంతా అదిరింది.
చెయ్యి నూలుపోగంత దిగలేదు.

కూలికి బదులు ఫోటో అడిగాడు, పింఛను కాగితాలకి.
తెల్లచొక్కా, తడిదువ్వెన తల.
ఇటు చూడు దాలయ్యా అంటే
"సూత్తన్నాను" అంటాడు,
కళ్ళు మాత్రం పైన, కాలరు మీద.
ఏడు తీశాను. ఏడింటిలోనూ అంతే.
బాగున్నదేదో ఏరి ఇస్తే
చూపు నేరుగా లేదని ఆఫీసువాళ్ళు వెనక్కి పంపారు.
మళ్ళీ వచ్చాడు, ఈసారి జేబులో స్పానరుతో.
ముందు దాన్ని ఒక పావుచుట్టు బిగించి
ఆ తర్వాతే కూర్చున్నాడు,
అప్పుడు చూశాడు నా వైపు.

ఉప్పు రోజూ వస్తుంది.
ఆదివారాలు కొబ్బరినూనె గుడ్డతో కీళ్ళు తుడుస్తాను.
ఆఫీసు కొట్టేసిన ఆ ఏడూ చెరపలేదు నేను.
పెద్దవి చేసి చూస్తే
ఆయన కంటిపాపలో చిన్న తెల్లటి చదరం.
ఇంకా పెద్దవి చేస్తే, దాని వెనక
వెంట్రుకంత నల్లగీత:
చెయ్యి.