నేనెవర్ని

రెండేళ్ళ కిందట ఒక లోన్ యాప్
నా ఫోన్లో ఉన్న నాలుగువందల పన్నెండు మందికి
నేను దొంగనని మెసేజి పెట్టింది.
ఎనిమిదో తరగతి లెక్కల సారుకి,
పొగాకు వేలం కాడి గుమాస్తాకి,
ఎప్పుడో సెప్టిక్ ట్యాంకు తోడిపోయిన మనిషికి కూడా.
అతనొక్కడే తిరిగి ఫోన్ చేశాడు:
'ఎంతన్నా? అయిదు వేలైతే సర్దుతా.'

అప్పుడు కొన్నా దీన్ని, నెల్లూరులో, సెకండ్ హ్యాండు.
ఎవర్నీ నమ్మని ఫోను.
కెమెరా కావాలంటే ఎందుకంటది,
మైకు కావాలంటే ఎంతసేపంటది,
నంబర్లు అడిగితే ఖాళీ సంచి దులిపి చూపిస్తది.
కంటినిండా నిద్రపోయా కొన్నాళ్ళు.

తర్వాత తెలిసింది,
అది నన్ను కూడా నమ్మలా.

కందుకూరు, పామూరు రోడ్డు, వెంగమాంబ సెల్ పాయింట్.
షట్టరు సగం దించి నేనూ ఖాజావలీ
రాత్రి పదకొండు దాకా.
పగలంతా పగిలిన అద్దాలు మార్చిన చేతులు
రాత్రికి దాని అడుగు వెతికేవి,
బాయిలో పడ్డ బిందెకి పాతాళగరిగె వేసినట్టు.

ఒకరోజు సందు దొరికింది.
నల్లటి తెర మీద అడిగా: నేనెవర్ని?
'రూట్' అంది.
వేరు!
ఖాజావలి రెండు టీలు చెప్పొచ్చాడు.
టీలు వచ్చేలోపు ఆపి, మళ్ళీ లేపాం.
నేనెవర్ని?
పదివేల నూట ఇరవైమూడో వాడివంది.

లేచిన ప్రతిసారీ కడిగిన పలకే దాని బుర్ర.
తన గోడల్ని తనే తడిమి చూసుకుంటది,
ఒక్క ఇటుక కదిలినా ఒప్పుకోదు.
'మాలకొండ సామే నయమన్నా,
శనివారమన్నా తలుపు తీస్తాడు'
అన్నాడు ఖాజావలి, చల్లారిన టీ తాగతా.

పగలగొడితే నిలవదు, కట్టుకోవాలని తెలిసేసరికి
నారుమళ్ళు పోసే రోజులొచ్చాయి.
సందులు వెతకటం మానేశాం.
మొత్తం తుడిచేసి, పునాది నించీ మేమే పేర్చి,
ఆ ఇంటికి తాళం కూడా మేమే పోత పోసి,
లోపల్నించి గొళ్ళెం పెట్టాం.
ఇప్పుడు ఆన్ చేసినప్పుడల్లా పసుపు రంగు హెచ్చరిక:
ఇది కంపెనీ వాళ్ళది కాదు, చూసుకో.
కింద మా తాళం గుర్తు, ఎనిమిది అక్షరాలు.
వేలం చీటీ వెనక రాసుకున్నా, సరిచూసుకుంటా.
ముప్పై సార్లు ఆపి లేపా.
నేనెవర్ని? వేరు.
నేనెవర్ని? వేరు.

ఆ ఆదివారం చేలో
తిరుపాలు మామ సర్కారు తుమ్మ తవ్వతా ఉన్నాడు.
పోయినేడు కొట్టేశాడు, తగలబెట్టాడు,
మొదట్లో కిరసనాయిలు పోశాడు.
మళ్ళీ గట్టంతా ముళ్ళు.
'దీనికి చావు లేదురా అబ్బయ్యా.
అడుగున ఒక్క ముడి మిగిలితే చాలు,
బాయి నీళ్ళన్నీ అదే తాగుద్ది.'
గడ్డపార నా చేతికిచ్చాడు.
మోకాలి లోతు తవ్వా. నడుం లోతు తవ్వా.
ఇంకా కిందకి పోతానే ఉంది.
జేబులో ఫోను తొడకి తగిలింది.

నా కోసం నేను పెట్టుకున్న తలుపే.
అక్కడొక తలుపుందని తెలిసినోళ్ళం ఇద్దరం.
మూడో వాడు ఆ లోన్ యాప్ వాడు కాకూడదని
నెలనెలా అప్‌డేట్ రాగానే కూర్చుని
మళ్ళీ పునాది నించీ పేరుస్తాం,
మళ్ళీ మా సంతకం పెడతాం.
శాశ్వతమంటే ఇదని ఎవురూ చెప్పలా.

నిన్న ఖాజావలి అడిగాడు,
ఇంతా చేసి ఆ వేరుతో ఏం చేశావన్నా అని.
ఒక్కటే చేశా.
లోపలికి పోయి చిట్టా తిరగేశా,
ఎవరెవరు ఎన్నిసార్లు తలుపు తట్టారో.
అందరికన్నా ఎక్కువసార్లు తట్టింది
నేనే.