మోచేతి దాకా

బైరాగిపట్టెడ, మూడో అంతస్తు.
కింద బేరింగుల షాపు షట్టరు పడ్డాక
నా రాత్రి మొదలవుతుంది.
ఇక్కణ్ణుంచి ఆకాశం పెద్దగా కనిపించదు,
కొండ దారి దీపాల వరస తప్ప.
నాకు అక్కర్లేదు కూడా.
నా చుక్కలన్నీ అంకెలై వచ్చాయి,
ఎరుపుకి అవతల, కంటికి అందని చోట తీసిన అంకెలు.

అక్కడ రంగంటే రంగు కాదు, తీసివేత.
ఈ జల్లెడలో ఎంత వెలుగు, ఆ జల్లెడలో ఎంత,
రెంటికీ తేడా ఎంతో అదే రంగు.
మామూలు నక్షత్రాలకి తేడా దాదాపు సున్నా,
బుద్ధిగా ఒకేచోట గుమిగూడతాయి.
దుమ్ము కప్పుకున్నవి పక్కకి జరుగుతాయి.
ఎక్కడో దూరాన, గెలాక్సీ నడుమ కూచుని
మేస్తున్న కృష్ణబిలాలది వేరే కొట్టం.
నేను గీతలు గీస్తాను, పేర్లు పెడతాను.

రెండువందల ముప్పై ఏడోది మాత్రం
ఏ కొట్టంలోకీ రానంది.
"గీత మీద పడ్డదాన్ని తీసెయ్ హిమజా,
ఒకదానికోసం పేపరు ఆగుతుందా?" అన్నారు సారు.

ఆదివారం దామలచెరువు పోయినా.
మండీ నిండా లారీలు, సొన వాసన, ఈగలు.
రేకుల షెడ్డులో బేనీషా మాగేసుంది.
మొగిలమ్మత్త కాయల్ని చూడదు.
వరిగడ్డిలోకి చెయ్యి దూరుస్తుంది, మోచేతి దాకా.
"ఇది రేపటికి. ఇది ఎల్లుండికి. ఇది..."
చెయ్యి బయటికి తియ్యలేదు.

"ఏడిగానే ఉండాది గదత్తా, మాగినట్టేగా?"
"ఏడి ఎవురైనా చెప్తారు మే.
అరచేతికెంత, మోచేతికెంత,
రెంటికీ తేడా సూడాల."

కుప్ప తిరగేసింది.
అడుగున ఒకటి, తొడిమ దగ్గర నల్లగా,
చుట్టూ ఉన్నవాటికన్నా వెచ్చగా.
పారేస్తుందనుకున్నా.
కత్తితో నలుపంతా చెక్కేసి
మిగిలిన ముక్క నా చేతిలో పెట్టింది.
ఆ ఏడు అంత తీపి ఇంకే కాయలోనూ తగల్లేదు.

రాత్రి మళ్ళీ బైరాగిపట్టెడ.
ఇంకా పొడుగు అలల జల్లెడ ఒకటి
ఇన్నాళ్ళూ నేను తెరవనే లేదు.
తెరిచి, తీసివేశాను. మళ్ళీ తీసివేశాను.
గెలాక్సీ కాదేమో ఇది.
ఆఖరి రోజుల్లో తన మసిని తానే
చుట్టూ కప్పుకుంటున్న ముసలి నక్షత్రమేమో.
ఏమో. ఇంకో రాత్రి చూడాలి.

"రెండువందల ముప్పై ఏడుని తియ్యలేదు సార్"
అని టైపు చేస్తుంటే
గడ్డి గీరిన చెయ్యి
మోచేతి దాకా చురచురమంటోంది.