గిట్టుబాటు

కన్సాయ్ విమానాశ్రయంలో రైలు పాసులిచ్చే మూడో కిటికీ నాది.
పంతొమ్మిదేళ్ళుగా అద్దానికి ఇవతల ఇదే కుర్చీ,
మర విరిగి కాస్త ఎడమకి ఒరిగిన కుర్చీ.
అవతల దేశాలు వరస కడతాయి
నిద్ర చాలని కళ్ళతో, కీచుమనే చక్రాల పెట్టెలతో.

పాస్‌పోర్టు తెరిచి ముద్ర వెతుకుతాను:
తాత్కాలిక సందర్శకుడు.
ఆ రెండు మాటలుంటేనే ఏడు రోజుల రాజ్యం.
ఇక్కడే పుట్టి ఇక్కడే ఉండేవాళ్ళకి ఈ పాసు అమ్మం.
నా చేతి సంచిలో ఉన్నది నెలవారీ పాసు.
హినేనో నుంచి ఇక్కడికి రెండు స్టేషన్లు,
మధ్యలో సముద్రం.

అందరూ అడిగేది ఒకటే. గిట్టుబాటవుతుందా?
విమానాశ్రయం బండి ఇంత, క్యోటో ఇంత, హిరోషిమా ఇంత,
కూడి చూపిస్తాను.
ఆ తర్వాత ఇంకొకటి. నొజోమి ఎక్కొచ్చా?
నొజోమి అంటే ఆశ.
దానికి పైన రుసుము కట్టాలండీ.
హికారి అంటే వెలుగు, కొదామా అంటే ప్రతిధ్వని,
అవి పాసులోనే ఉన్నాయి.
రోజుకి నలభైసార్లు చెప్పీ చెప్పీ
ఆ పేర్లకి అర్థాలున్నాయన్న సంగతే అరిగిపోయింది.

మార్చిలో ఒక మంగళవారం, వాన.
బ్రెజిల్ పాస్‌పోర్టు. వాల్దెమార్ తకెషి ఇవానగ, డెబ్భై ఆరు.
నోరు తెరిచాడు. నా భాషే,
కానీ మా అమ్మమ్మ పోయాక నేను వినని నా భాష.
మాట చివర ‘జాకేన్’ అని సాగదీసే ఆ తీరపు యాస.
రైలుని ఆవిరి బండి అన్నాడు.
పక్క కిటికీలో షూతా నవ్వాపుకోడానికి వంగి
కిందపడని పెన్ను తీశాడు.

“మా నాయనమ్మది మిహరా. ఆవిరి బండి ఆగుతుందా?”
నొజోమి ఆగదండీ, హికారి ఎప్పుడో గాని ఆగదు,
కొదామా ఆగుతుంది.
నేను పేర్లే చెప్పాను. ఆయన అర్థాలు విన్నాడు కాబోలు
చాలాసేపు తల ఊపాడు.

మీకు ఇది గిట్టదు, విడి టిక్కెట్లయితే సగంలో అయిపోతుంది, అన్నాను.
అలా చెప్పడం మా పై అధికారికి నచ్చదు.
“ఏడు రోజులూ లోపలికి రానిస్తారా?”
రానిస్తాం.
“బండెక్కకపోయినా?”
ఆ ప్రశ్నకి మా పుస్తకంలో జవాబు లేదు.

ఏడోనాడు, అవసరం లేకపోయినా, నా కిటికీకే వచ్చాడు.
జుట్టు కత్తిరించుకున్నాడు,
చెవుల వెనక తెల్లటి గీత.
నాయనమ్మ ఇల్లున్న చోట ఇప్పుడు క్షౌరశాల అట,
ఊరికే ఎలా చూసి వస్తాను, అందుకని కూర్చున్నాను, అన్నాడు.
మిగతా రోజులు?
రోజూ పొద్దున్నే గేటు దగ్గర పాసు చూపించి లోపలికెళ్ళడం,
ఆక్టోపస్ అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని
ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చోవడం.
ఫుకుయామా ఆసుపత్రికి వెళ్ళే ముసలమ్మలు
మోకాళ్ళ గురించీ కోడళ్ళ గురించీ మాట్లాడుకుంటారట.
“అందరూ మా నాయనమ్మే.
బండెక్కితే వాళ్ళు దిగిపోతారు కదా.”

ఆగని నొజోమిలు వెళ్ళినప్పుడల్లా
డబ్బా మూత చేత్తో పట్టుకునేవాడట.

అలవాటు కొద్దీ లెక్క వేశాను. రానూ పోనూ ఒకటే ప్రయాణం.
సగానికి సగం నష్టం.
చెప్పలేదు. పాసు గడువు అర్ధరాత్రి దాకా ఉందండీ, అన్నాను.
“ఉండనీ,” అని చొక్కా జేబులో పెట్టుకుని
ఎస్కలేటరు వైపు నడిచాడు.

ఆ రాత్రి వంతెన మీద మా బండి గాలికి మెల్లగా వెళ్ళింది.
అమ్మమ్మదీ ఆ తీరమే.
ఒసాకాలో నలుగురూ నవ్వుతారని
ఆ యాస నా నోట పడకుండా అమ్మ కాపలా కాసింది.
హినేనోలో దిగి, సైకిల్ సీటు మీది వాన తుడుస్తూ
ఎవరూ లేరు కదా అని, జాకేన్ అన్నాను.
తప్పుగా వచ్చింది. చివర సరిగా సాగలేదు.
తాళం తీసి, మళ్ళీ అన్నాను.