తిప్పతీగ

రాత్రి ఎనిమిది దాటినంక
గుర్రంపోడు అవతల మా తోటల
బత్తాయిలకు కండ్లు మొలుస్తయి.

టార్చిలైటు వేస్తే
ఎర్రగ, నిప్పురవ్వల లెక్క, జంటజంటగ.
కాయ మీద చుక్కలు మెరిసినయంటే
ఆడ రెక్కలపురుగు కూసున్నట్టు.
ముందు రెక్క ఎండుటాకు.
వెనుక రెక్క మాత్రం పండిన నారింజ తొక్క,
నడుమ నల్లటి నెలవంక.
అది దాచుకుంటది. వేలు తగిలితేనే
తటాలున ఇప్పి, బెదిరిచ్చి, చీకట్ల కలుస్తది.

దాని మూతి సూది. సూదికి ముండ్లు.
కాయకు బొక్క పొడిచి తాగి పోతది, అంతే.
మిగిలిన పని వేరేటోళ్లు చేస్తరు.
బొక్క చుట్టు మెత్తబడ్తది, బూజు పడ్తది,
వారానికి కాయ రాలుతది.
రాలినకాడికి ఈగలు,
ఈగల కోసం కప్ప,
కప్ప కోసం పాదుల పొంటి జెర్రిపోతు.
"ఒక్క బొక్కకు ఎంతమంది చుట్టాలు చూడు"
అంటడు కాపలా బిక్షం.
ఆయనకు నవ్వులాట. కాయ నాది.

తోటలాఫీసు సారు వచ్చి చెప్పిండు:
తల్లి నీ కాయ తాగుతది గానీ
పిల్లలు నీ చెట్టు ముట్టవమ్మా,
అవి తిప్పతీగ తిని పెరుగుతయి.
కంప మీద, యాప మీద, యాడున్నా నరికెయ్.

కొడవలి పట్టుకొని పోయిన.
బావికాడి యాపకు బొటనవేలంత తీగ,
చెట్టును చుట్టుకొని పైదాక.
ఆకు కింద పురుగు దొరికింది.
తల వంచి, నడుం ఎత్తి,
పక్కలకు రెండు గుండ్రటి కండ్లు తెరిచి చూస్తుంది.
చూస్తుందా? అవి గీసిన కండ్లు.
అసలు కండ్లు యాడనో ఆవగింజంత.
తెలిసి కూడ ఒకడుగు ఎనకకేసిన.

ఈ తీగ ఎవ్వలు నాటలే.
ఎర్రటి పండు తిన్న పిగిలిపిట్ట
యాప కొమ్మ మీద కూసోని రెట్ట ఏసింది.
ఆ పిట్టే తన పిల్లలకు
నా తోట పురుగులను ఏరి పెడ్తది.
ఆ యాప పిండే నా పాదులకు ఎరువు.
ఎవ్వల మీద కేసు పెట్టాలె?

నడుమెత్తున మొదలు కోసిన.
వాసన చేదు, చేతులంత చేదు,
సాయంత్రం బువ్వ ముద్ద గూడ చేదు.
అండాలవ్వ కర్ర పొడుచుకుంట వచ్చింది:
"గింత ముక్క ఉంచు బిడ్డా,
పొద్దుగాల నములుతున్న, షుగరుకు."
కరోనా ఏడు గుర్తుకొచ్చింది.
నల్లగొండకెల్లి బండ్లేసుకొని వచ్చి
సంచులు సంచులు కోసుకపోయిండ్రు గదా.
ఆ ఏడు పురుగు తగ్గిందనే బిక్షం అంటడు.
నేను లెక్క రాయలే.
ఆ ఏడు వాన గూడ ఆగమాగం చేసింది,
దేన్ని దేనికి ముడిపెట్టాలె.

పదిహేను రోజులైనంక పోయి చూసిన.
మొదలు ఎండింది.
పైన మాత్రం, యాప కొమ్మలల్ల,
నేల లేని తీగ పచ్చగనే ఉంది.
దాని కడుపులకెల్లి దారం లెక్క ఊడ ఒకటి
కిందికి దిగుతుంది.
గాలికి ఊగుతుంది, మల్ల నిలుస్తుంది.
కొస తడిగ ఉంది.
కింద నేలకు ఇంక జానెడు.

కొడవలి చేతులనే ఉంది.
తొండ ఒకటి బెరడు మీద
నన్ను చూసి తలూపింది, దాని లెక్కలు దానివి.
అండాలవ్వకు ఎండిన ముక్కలు నాలుగు ఏరి
కొంగుల కట్టుకున్న.

"కోసినవా?" అన్నడు బిక్షం.
"రేపు."
పొద్దుగూకింది. బావిలకెల్లి
గబ్బిలాలు లేచి తోట మీదికి పోయినయి,
వాటి ఆకలికి నేనేం కూలి ఇయ్యలే.
పైడికంటి మోటరు గది మీద అరిచింది.
బిక్షం టార్చి రెండు తట్లు తట్టి ఎలిగిచ్చిండు.
ఇయ్యాల ఎన్ని జతల కండ్లో
లెక్కపెట్టనీకి
ఇద్దరం సాళ్లల్లకు దిగినం.