చాలు

జపోరిజియా మైదానంలో, ఎవరిదో ఇంటి నేలమాళిగలో
ఊరవేసిన టమోటా సీసాల నడుమ
తెర వెలుగులో కూర్చుంది సార్జెంట్ సొలోమియా.
వేళ్ల కింద రెండు మీటలు.
కిలోమీటరున్నర అవతల
మనిషి లేని బండి
ముందు ఇనుప నాగలి దించుకుని
మందుపాతరల పొలంలోకి దిగింది.

పక్కన పీట మీద దెమ్యాన్ ముసలాయన.
ముప్పై రెండేళ్లు ఆ పొలంలోనే ట్రాక్టరు తోలాడు.
మ్యాపులో లేనివి చెబుతాడని పిలిపించారు.
"ఎడమకి తిప్పకమ్మా, అక్కడ ఊబి.
ఓ ఏప్రిల్లో నా బండి రెండ్రోజులు లేవలేదు."

ముళ్లకంచె దాటాక మొదటిది పేలిపోయింది.
తెర నిండా నల్లమట్టి, తర్వాత ఏమీ లేదు.
సొలోమియా తిట్టింది. చల్లారిన టీ తాగింది.
రెండోదాన్ని కదిలించమంది.
"దీని తల్లికి ఉత్తరం రాయక్కర్లేదు" అంది,
ఎవరితోనూ కాదు.
పోయిన వసంతంలో, ఇలాంటి దారికే,
రెండు రాసింది.

రెండో బండి పాతరల్ని పక్కకు దొర్లించి
కాంక్రీటు దిమ్మెల్ని భుజంతో నెట్టి
కందకంలో మోపులు పడేసి
వాటిమీదుగా పాకి అవతలి గట్టెక్కింది.
దాని వెనకే కుర్రాళ్లు వెళ్లాలి,
తెల్లవారకముందే.

ముసలాయన మాత్రం తెరకు ముక్కు ఆనించి
అది తీసిన చాలునే చూస్తున్నాడు.
"మరీ లోతు పోయింది.
పొద్దుతిరుగుడుకైతే..."
నాలుగు వేళ్లు చేర్చి చూపించాడు.
"ఇంత చాలు."

రేడియోలో ఎవరో
దారి వెడల్పెంతని అడుగుతున్నారు.